జప్తులో ఉన్న ఫంక్షన్ హాలు

కోర్టు జప్తు అనగానే జనానికి తాళం, లక్క, ముద్ర గుర్తొస్తాయి. నాకు గేటు బయట నిలబడ్డ జనం గుర్తొస్తారు. రిటైరై ఇంట్లో కూర్చున్నా, వీధిలో ఎవరి గేటుకైనా నోటీసు అంటించి ఉంటే నా చేయి దానంతట అదే తాళం వైపు పోతుంది, సరిగ్గా పడిందో లేదో లాగి చూద్దామని. మా ఆయన నవ్వుతాడు. "ఊళ్లో తాళాలన్నీ నీవేనా?" అంటాడు. నవ్వేవాళ్లకేం, నవ్వుతారు.

రెవెన్యూ శాఖలో డిప్యూటీ తహసీల్దారుగా ఉంటూ, సర్వీసు చివరి భాగమంతా ఫైనాన్సు కంపెనీల ఆస్తులు చూసే విభాగంలో పనిచేశాను. ఒక కంపెనీ జనం దగ్గర డిపాజిట్లు తీసుకుని ఎగ్గొడుతుంది. పోలీసులు దర్యాప్తు మొదలుపెడతారు. దర్యాప్తు, విచారణ ముగిసేలోపు కంపెనీ వాళ్లు ఆస్తులు అమ్ముకుని జారుకోకుండా కోర్టు వాటిని జప్తులో ఉంచుతుంది. చివరికి వాటిని వేలం వేసి డిపాజిటర్లకు పంచేదాకా కాపాడవలసింది మేము. చెప్పడానికి ఇంతే. ఆ చివర ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఈ మధ్య ఆ విభాగంలో కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలు మా ఇంటికి వచ్చారు. చట్టం గురించి అడుగుతారనుకుని పాత పుస్తకాలు దుమ్ము దులిపి పెట్టుకున్నాను. వాళ్లు అడిగింది అది కాదు. "మేడం, గేటు దగ్గర జనం మీద పడితే ఏం చేయాలి?" అని అడిగారు. చట్టం వాళ్లకు నాకంటే బాగా వచ్చు. అందుకని గేటు సంగతే రాస్తున్నాను.

తాళం వేసి మరచిపోయిన చోట

ఆ విభాగంలో నా మొదటి ఆఫీసరు మంచివాడే, ఎవరినీ ఒక మాట అనేవాడు కాదు. కానీ ఆయనకు జప్తు అంటే సీలు వేయడం, ఫైలు పైకి పంపడం, చేతులు దులుపుకోవడం. ఒక ఫైనాన్సు కంపెనీ తాలూకు చిన్న మిఠాయి కార్ఖానా కాటేదాన్‌లో ఉండేది. పిల్లలు తినే రంగు బిళ్లలు చేసేవారు. మేము వెళ్లిన రోజు మెషీన్లు ఇంకా వేడిగానే ఉన్నాయి. లోపల చక్కెర బస్తాలు, గ్లూకోజు డబ్బాలు గోడ ఎత్తున పేర్చి ఉన్నాయి. "సార్, ఇవి పాడైపోతాయి కదా, అమ్మడానికి కోర్టును అనుమతి అడుగుదామా?" అన్నాను. "ఆర్డర్లో ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నారు. ఉంచుదాం" అన్నాడు.

ఉంచాం. రెండు వానాకాలాలు పోయాక, ధర కట్టేవాళ్లను వెంటబెట్టుకుని తలుపు తీశాం. కరిగిన చక్కెర నేలంతా పాకి గడ్డ కట్టింది. మెషీన్ల పళ్లు తుప్పులో కూరుకుపోయాయి. ఎలుకలు మమ్మల్ని చూసి కదల్లేదు కూడా, అంతగా అలవాటు పడిపోయాయి ఆ చోటికి. పక్క షెడ్డులో వెల్డింగ్ చేసే ఆయన ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని వచ్చి, లోపలికి తొంగిచూసి, "మంచిగ కాపాడిండ్రు మేడం, దొంగలు గూడ రాలే" అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా ఆఫీసరు మాత్రం సీలు చెక్కుచెదరలేదని రిపోర్టులో రాసుకున్నాడు. అది నిజమే మరి.

ఆయన తర్వాత వచ్చిన ఆఫీసరుకు నోరెక్కువ, ఓపిక తక్కువ. మమ్మల్ని చాలా ఏడిపించాడు. అయినా ఈ పని నేర్పింది ఆయనే. జప్తులో ఉన్న ప్రతి చోటికీ నెలనెలా మనిషి వెళ్లాలనేవాడు. ఫొటో పంపిస్తే ఒప్పుకునేవాడు కాదు. "వాసన చూసి రండి, వాసన ఫొటోలో రాదు" అని కసిరేవాడు. ఇప్పటి పిల్లలు ఫోన్లోనే తనిఖీలు కానిచ్చేస్తున్నారని విన్నాను. తప్పు.

హాలు

శంషాబాద్ నుంచి ఎయిర్‌పోర్టు వైపు పోయే దారిలో, కొంచెం లోపలికి, ఆ ఫంక్షన్ హాలు ఉండేది. తెల్ల స్తంభాలు, అద్దాల తలుపులు, గేటు మీద సిమెంటుతో చేసిన రెండు ఏనుగులు. కట్టించిన కంపెనీ ఇంటింటికీ ఏజెంట్లను పంపి రోజువారీ డిపాజిట్లు వసూలు చేసింది. డైరెక్టర్లు జైలుకు పోయారు, మేనేజరు ఫోన్ స్విచాఫ్ చేసి మాయమయ్యాడు. హాలు మా చేతికి వచ్చింది.

సీలు వేయడానికి వెళ్లేసరికి గేటు బయట డిపాజిటర్లు కూర్చుని ఉన్నారు. మాకంటే ముందే కాపలా మొదలుపెట్టారు. వంతులు వేసుకుని, చెట్టు నీడలేని ఆ గోడ పక్కన గొడుగులు పట్టుకుని కూర్చునేవారు. కంపెనీ వాళ్ల మీద వాళ్లకు ఎంత నమ్మకమో మా మీదా అంతే. నేను జీపు దిగగానే ఒకాయన జీపు నంబరు ఫొటో తీసుకున్నాడు. తర్వాత నా ఫొటో తీశాడు.

"ఎందుకు నా ఫొటో?" అన్నాను.

"రేపు మీరు గూడ కనవడకపోతే పోలీసులకు చూపియ్యనీకి" అన్నాడు.

ఆయన పేరు నర్సింహులు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయినప్పుడు వచ్చినదంతా ఆ కంపెనీలో పెట్టాడు. మాట కటువు. కళ్లెప్పుడూ ఎవరో టికెట్ తీసుకోలేదన్నట్టు మనుషుల చేతుల మీదే ఉండేవి. ఆయన పక్కనే ఎప్పుడూ లక్ష్మమ్మ ఉండేది. కొత్వాల్‌గూడ ఆమె, శంషాబాద్ బస్టాండు దగ్గర పూలు అమ్మేది. మోకాళ్లు అరిగిపోయి కింద కూర్చుంటే లేవలేదు, నిలబడితే ఎక్కువసేపు నిలబడలేదు. గేటు కడ్డీ పట్టుకుని ఒక కాలు మీద, మళ్లీ ఇంకో కాలు మీద బరువు మార్చుకుంటూ ఉండేది. ఏజెంటు రోజూ ఆమె పూలగంప దగ్గరికే వచ్చి తీసుకుపోయేవాడట. "ఇంటికాడికి వస్తుండె గద బిడ్డా, మంచోడనుకున్న" అంది నాతో. 

నెలనెలా వెళ్లినప్పుడల్లా వాళ్ల ముందు నుంచే లోపలికి పోవాలి. నా చేతిసంచీ వైపు నర్సింహులు చూసే చూపుకు నాకు ఒళ్లు మండిపోయేది. తిరిగి వచ్చేటప్పుడు సంచీ తెరిచి చూపించమన్నా అనేవాడే. ఒకసారి నేనే తెరిచి చూపించాను. చూశాడు కూడా, మొహమాటం లేకుండా.

జబ్బార్

పెళ్లిళ్ల రోజులు దగ్గరపడుతుండగా ఒక మధ్యాహ్నం మా ఆఫీసు వరండాలో ఒకాయన పెళ్లికార్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పేరు జబ్బార్, ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. మనిషి బక్కగా ఉన్నాడు, గడ్డం పెరిగిపోయింది. కార్డు నా టేబుల్ మీద పెట్టాడు. దాని మీద ఆ హాలు పేరే ఉంది.

"మేడం, బిడ్డ నిఖా. హాలు బుక్ జేసి శాన దినాలైంది, అడ్వాన్సు గూడ కట్టిన. కార్డులు మొత్తం పంచేసినం. నిన్న డెకరేషనాయనను తీస్కొని పోతే గేటుకు సీలు ఉంది. నాకు కాళ్లు చేతులు ఆడుతలేవు."

వేరే హాలు చూసుకోరాదా అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో నోట్లోంచి వచ్చాకే తెలిసింది.

"అన్నీ తిరిగిన మేడం. సీజన్ల ఎవరిస్తరు? ఏడన్న ఉంటె గా కిరాయి నాతోని గాదు. దుల్హా వాళ్లు పాతబస్తీవాళ్లు. ఇప్పుడు హాలు లేదంటె, ఈయనకు కంపెనీవాళ్లతోని ఏం సంబంధముందో ఏమో అనుకుంటున్నరు. నా ఇజ్జత్ పోతె పోనీ, బిడ్డ మొకం జూడలేకపోతున్న."

ఆయన ఒక్కడే కాదు, తర్వాత లెక్క తీస్తే ఆ సీజనులో ఇంకా కొన్ని కుటుంబాలు అదే హాలుకు అడ్వాన్సులు కట్టి ఉన్నాయి. జబ్బార్ వాళ్లది అందరికంటే ముందు ముహూర్తం. ఈయనకు ఏం జరుగుతుందో చూసి మిగతావాళ్లు కదులుదామని ఎదురుచూస్తున్నారు.

నా ముందు రెండు దారులు ఉన్నాయి. ఆర్డర్ చూపించి "మా చేతుల్లో లేదు" అనొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. లేదంటే హాలు కిరాయికి ఇచ్చి, ఆ కిరాయి డిపాజిటర్ల ఖాతాలో పడేట్టు అనుమతి ఇమ్మని కోర్టును అడగాలి. అడిగితే బాధ్యత నా మెడకు చుట్టుకుంటుంది. పెళ్లి సందడిలో కంపెనీ మనుషులు దూరి ఏదైనా ఎత్తుకుపోతే? ఏసీలు పీకేస్తే? జనం గేటు విరగ్గొడితే?  కాటేదాన్‌లో గడ్డకట్టిన ఆ చక్కెర కళ్ల ముందు లేకపోతే నేనూ ఆర్డర్ చూపించి పంపేసేదాన్నే. మూసి ఉంచిన హాలు కూడా అలాగే పాడవుతుందని, కిరాయి వస్తే కనీసం కరెంటు బిల్లు కట్టి మోటార్లు తిప్పవచ్చని నాకు నేను చెప్పుకున్నాను.

మా నోరెక్కువ ఆఫీసరు ఫైలు చదివి సంతకం పెట్టాడు. "కోర్టు కాదంటే కాదంటుంది. అడగకుండా మనమే కాదనడానికి మనమెవరం?" అన్నాడు. ప్రభుత్వ న్యాయవాది మాత్రం, "మేడం, హాయిగా ఉన్న ప్రాణానికి ఎందుకీ తద్దినం?" అన్నాడు. ఆయన మాట నిజమేనని కోర్టులో నిలబడ్డాక తెలిసింది.

జడ్జిగారు పిటిషన్ చదివి తలెత్తి, "వస్తువులకు బాధ్యత ఎవరు?" అన్నారు. న్యాయవాది నా వైపు చూశాడు. నేను ఆఫీసరు వైపు చూద్దామంటే ఆయన ఆ రోజు రాలేదు. "నేనే సార్" అన్నాను. రెండోసారి గట్టిగా చెప్పవలసి వచ్చింది.

అనుమతి ఇచ్చారు, ఆ ఒక్క పెళ్లికే. కంపెనీకి కట్టిన అడ్వాన్సు పోగా మిగిలిన కిరాయి ముందుగా కోర్టు ఖాతాలో జమ కావాలి. పొద్దు కూకేలోపు ముగించి మళ్లీ సీలు వేయాలి. పెళ్లికి ముందు, తర్వాత పంచుల, అంటే సాక్షుల ఎదుట ప్రతి వస్తువూ లెక్కపెట్టి నివేదిక ఇవ్వాలి. ఒక్క చెంచా తగ్గినా మిగతా కుటుంబాల అడ్వాన్సుల సంగతి మరచిపోవాలి. జబ్బార్ ఇదంతా విని, "మా పెండ్లిళ్లు రాత్రిపూట అయితయి మేడం" అన్నాడు. ఆ వెంటనే, "పర్వాలే, పగటిపూట జొహర్ నమాజ్ అయినంక చేస్త. అందరికీ ఫోన్లు జేస్త" అంటూ అక్కడికక్కడే ఫోను తీశాడు.

పంచులు ఎవరు?

కొత్తగా చేరినవాళ్లు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి.

పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలి. మా వాళ్లు ఎప్పుడూ చేసేది ఏమిటంటే దగ్గర్లో ఉన్న టీకొట్టు ఆయన్ను, ఖాళీగా ఉన్న ఆటో ఆయన్ను పిలవడం. వాళ్లు పాపం దేనికో కూడా అడగరు. జీపు బానెట్ మీద కాగితం పెడితే సంతకం పెట్టేసి పోతారు. ఇలా సంతకాలు పెట్టీ పెట్టీ కోర్టుల్లో మొహం తెలిసిపోయిన పంచులు ఉన్నారు. పని తొందరగా అవుతుంది. రేపు గొడవొస్తే ఆ సాక్ష్యం ఎవరూ నమ్మరు.

నేను గేటు దగ్గరికి వెళ్లి నర్సింహులును అడిగాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నన్నెందుకు? సంతకం వెట్టి ఇరుక్కోనీకా?"

"మా మీద మీకు నమ్మకం లేదు కదా, అందుకే."

"లేదు. ఇప్పుడు గూడ లేదు."

"అయితే వచ్చి మీరే లెక్కపెట్టండి."

 తల మీద నుంచి విమానం ఒకటి పోయింది, అది పోయేదాకా ఆగాడు. "నేను నా చేత్తోని లెక్కవెట్టంది ఒక్కదానికి గూడ సంతకం వెట్ట" అన్నాడు. రెండో పంచుగా డిపాజిటర్ల నుంచే ఇంకొకాయన్ను ఆయనే పిలుచుకున్నాడు.

అన్ని నెలలు గేటు దగ్గర కూర్చున్నా నర్సింహులు ఆ హాలు లోపలికి అడుగుపెట్టడం అదే మొదటిసారి. చెప్పులు విప్పబోయాడు. అక్కర్లేదన్నాను. స్తంభాన్ని అరచేత్తో తడిమి చూశాడు. పైన వేలాడే గాజు దీపాల వైపు మెడ నొప్పెట్టేదాకా చూసి, నాతో మెల్లగా అన్నాడు:

"గింత పెద్ద హాలుల నా పైసలు ఏడున్నయి మేడం?"

వెక్కిరిస్తున్నాడేమో అనుకున్నాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు, ఫలానా గోడ అని నేను చూపిస్తానేమో అన్నట్టు. నేను కాగితాలు విప్పి, "మొదలుపెడదాం" అన్నాను. 

ఆయన కుర్చీలు లెక్కపెట్టిన తీరు చూసి తీరాలి. బస్సులో సీట్ల మధ్య నడిచినట్టు వరసల మధ్య నడుస్తూ, ప్రతి కుర్చీ తల మీద వేళ్లు తాకించుకుంటూ పోయాడు. కాలు ఊగే కుర్చీలు కనిపిస్తే ఆగి, "రాయుండ్రి, కాలు ఇరిగింది. మల్ల పెండ్లోళ్లు ఇరగ్గొట్టిండ్రంటరు" అనేవాడు. వంటగదిలో గంటెల దగ్గర నాకు విసుగొచ్చి, "గంపగుత్తగా రాద్దాం" అన్నాను. ఆయన గరిట పట్టుకుని నా వైపు తిరిగి, "ఒక్క చెంచా అన్నడట గద జడ్జి" అన్నాడు. గంటెలు ఒక్కొక్కటే రాసుకున్నాను.

పెళ్లి రోజు

పొద్దున్నే వంటవాళ్లు దిగారు. డెకరేషన్ లారీ వచ్చింది. నేను ఒక చేత్తో నివేదిక పట్టుకుని, ఇంకో చేత్తో తాళంచెవుల గుత్తి పట్టుకుని, ఎవరు ఏ తలుపు తీసినా ఉలిక్కిపడుతూ తిరిగాను. పెళ్లివాళ్ల ఆడవాళ్లు నన్ను హాలు ఓనరు అనుకుని ఏసీ పెంచమని అడుగుతున్నారు.

మధ్యాహ్నానికి గేటు దగ్గర అరుపులు వినపడ్డాయి. డిపాజిటర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారట, "హాలు అమ్మేసిండ్రు, లోపల దావత్ నడుస్తుంది" అని. రోజూ ఉండే వంతువాళ్లే కాక ఎక్కడెక్కడి నుంచో జనం దిగారు. సరిగ్గా అప్పుడే పెళ్లికొడుకు కారు, వెనుక బంధువుల కార్లు దారిలోకి మళ్లాయి. ముందు బ్యాండు. ఆ బ్యాండుకూ గేటుకూ మధ్య ఈ జనం.  ఇద్దరు కానిస్టేబుళ్లు ఉన్నారు కానీ వాళ్ల మొహాలు చూస్తే నాకంటే వాళ్లే ఎక్కువ భయపడుతున్నట్టు ఉన్నారు.

"మా పైసలతోని దావత్‌లా?" లక్ష్మమ్మ గేటు కడ్డీ పట్టుకుని అరుస్తోంది. "మేము ఎండల సస్తుంటే మీరు లోపల బిర్యానీ తింటరా?"

జబ్బార్ పరుగెత్తుకొచ్చాడు. తల మీద కొత్త టోపీ పక్కకు జరిగిపోయింది. జనాన్ని చూసి, కారులో మొహం మీద పూల సెహరా కట్టుకుని కూర్చున్న అల్లుణ్ని చూసి, ఎటు పోవాలో తెలియక మధ్యలో నిలబడిపోయాడు. ఏ క్షణాన ఎవరు రాయి విసురుతారో అని నేను చూస్తున్నాను. ఒక్క అద్దం పగిలినా ఈ పెళ్లితో పాటు మిగతావన్నీ ఆగిపోయినట్టే.

నర్సింహులు నా పక్కనుంచి బయటికి వెళ్లాడు.

"ఆగుండ్రి. ఎవ్వలు అమ్మలే. కిరాయి కోర్టుల కట్టిండ్రు, రసీదు నేను జూసిన. అది మన ఖాతాలకే వస్తది. లోపల ఏమేమున్నయో నేనే లెక్కవెట్టిన."

"నువ్వు గూడ అమ్ముడుపోయినవా నర్సన్నా?" ఎవరో వెనకనుంచి అన్నారు.

ఆయన మొహం ఎర్రబడింది. కొడతాడేమో అనుకున్నాను. "అమ్ముడువోతే ఈ ఎండల మీ లెక్క నిలవడత్నా?" అన్నాడు. "బండ్లు లోపలికి పోనియ్యుండ్రి. బయటికి వచ్చేటప్పుడు ఒక్కొక్కటి ఇప్పి చూద్దాం. మేడం ఒప్పుకుంటదా అడుగుతున్న."

అందరూ నా వైపు తిరిగారు. ప్రైవేటు బండ్లు వీళ్లు విప్పి చూడడానికి నేనెలా ఒప్పుకోను? జబ్బార్ నా సందేహం కనిపెట్టినట్టున్నాడు. "నా కారు గూడ చూడమనుండ్రి మేడం, నా జేబులు గూడ" అన్నాడు. ఒప్పుకున్నాను. జనం పూర్తిగా చల్లబడలేదు, తిడుతూనే రెండు వైపులా జరిగారు. బ్యాండువాళ్లు వాయించాలా వద్దా అని నా వైపు చూశారు. వాయించమని చేయి ఊపాను, ఆ పని కూడా నాదే అయింది.

నిఖా అయింది. ఖాజీ గొంతు మైకులో వినపడుతుంటే నేను అగ్గిమాపక సిలిండర్లు ఉన్నచోటే ఉన్నాయా అని చూసుకుంటున్నాను. భోజనాల వేళకు జబ్బార్ ఒక పెద్ద గిన్నె తానే పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాడు.

"గీ హాలుల తిండి మాకొద్దు" అంది లక్ష్మమ్మ.

"అమ్మా, హాలు ఎవ్వలదో నాకు తెల్వదు" అన్నాడు జబ్బార్. "అన్నం మాత్రం నా బిడ్డది."

ఆమె కాసేపు తల తిప్పుకుని నిలబడింది. తర్వాత చేయి కొంగుకు తుడుచుకుని విస్తరాకు అందుకుంది. నేను లోపలికి వెళ్లిపోయాను, నాకు కన్నీళ్లు ఆగలేదు.

ఒక కుర్చీ

పొద్దు వాలుతుండగా చివరి బండి కూడా తనిఖీ అయిపోయి వెళ్లింది. నర్సింహులు మళ్లీ వరసల మధ్య నడిచాడు. చివరికి వచ్చి ఆగి, మళ్లీ మొదటికి వెళ్లి ఇంకోసారి నడిచాడు.

"ఒకటి తక్కువుంది మేడం."

 మేడ మీద వెతికాం, పెళ్లికూతురి గదిలో, వంటశాల వెనుక, జనరేటర్ షెడ్డులో వెతికాం. జబ్బార్ బంధువులకు ఫోన్లు చేస్తున్నాడు, ఎవరైనా పొరపాటున బండిలో వేసుకున్నారా అని. కొత్త కుర్చీ కొని పెట్టేస్తానన్నాడు, వద్దన్నాను. పంచనామాలో రాసిన కుర్చీ వేరు, కొన్న కుర్చీ వేరు. అవతల సూర్యుడు దిగిపోతున్నాడు. ఇంకా మూడు నాలుగు ఇళ్లలో ఆడపిల్లల తండ్రులు నా నివేదిక కోసం చూస్తున్నారన్న సంగతి తప్ప నాకు ఇంకేమీ తోచడం లేదు.

నర్సింహులు ఉన్నట్టుండి గేటు వైపు నడిచాడు. వెనుకే వెళ్లాను.

గేటు బయట, గోడ పక్కన, ఎర్ర మెత్త వేసిన హాలు కుర్చీలో లక్ష్మమ్మ కూర్చుని ఉంది. కాళ్లు చాపుకుని, వీపు వెనక్కి ఆనించి. ఆమె అలా కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. నిలబడి తినలేకపోతోందని జబ్బారే తెచ్చి వేశాడట. ఆ హడావుడిలో ఆయనే మరచిపోయాడు.

మమ్మల్ని చూడగానే ఆమెకు అర్థమైంది. కుర్చీ చేతులు పట్టుకుని, కష్టం మీద లేచింది. మెత్త మీద పడిన మెతుకు ఒకటి గోటితో తీసేసింది.

"నాకు దక్కింది ఇదొక్కటేనేమో అనుకున్న బిడ్డా" అంది.

నర్సింహులు ఆమె వైపు చూడలేదు. కుర్చీ ఎత్తి భుజాన పెట్టుకుని లోపలికి నడిచి, వరసలో దాని చోట పెట్టి, దాని తల మీద వేళ్లు తాకించాడు. తర్వాత సంతకం పెట్టాడు. నేను తలుపులు మూసి లక్క పోయించి, తాళం రెండుసార్లు లాగి చూశాను. బయటికి వచ్చేసరికి లక్ష్మమ్మ మళ్లీ గేటు కడ్డీ పట్టుకుని, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటోంది.

నివేదిక చూసి జడ్జిగారు మిగతా పెళ్లిళ్లకూ అనుమతి ఇచ్చారు. ప్రతిసారీ నర్సింహులే పంచు. కంపెనీ మీద కేసు ఇంకా నడుస్తూనే ఉంది, నేను రిటైరయ్యేనాటికి కూడా హాలు వేలానికి రాలేదు.

పిల్లలకు చెప్పేది ఇదే. మీ జీపులో ఒక మడత కుర్చీ పెట్టుకోండి. ఆఫీసుది కాదు, సొంత డబ్బుతో కొన్నది. ఆ తర్వాతి పెళ్లి రోజు నేను అలాగే మా ఇంటి కుర్చీ తీసుకువెళ్లి గేటు బయట విప్పి వేశాను. లక్ష్మమ్మ దాని చుట్టూ ఒకసారి చూసింది. కూర్చోలేదు.

"ఇది లెక్కల ఉందా బిడ్డా?" అంది.

"లేదమ్మా. మా ఇంటిది."

నర్సింహులు వైపు చూసింది. ఆయన లెక్కలో లేదన్నట్టు తల ఊపాడు. అప్పుడు కూర్చుంది.